మెన్నానా గుడారం

మెన్నానాకు మతి పోయి నడింట్లో గుడారం వేసుకుందని మా లోయలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వనివ్వండి. అలా నవ్వేవాళ్లలో ఒక్కరైనా ఒక్క బిందె నీళ్లు మోసినవాళ్లు కారు. నేను ఆమె తోటికోడల్ని, పేరు తామో. ఈ ఇంట్లో కాలుపెట్టినప్పటి నుంచీ ఇద్దరం ఒకే పొయ్యి మీద రొట్టెలు కాల్చాం, ఒకే గాడిదను తిట్టుకున్నాం. ఆ గుడారంలో ఏం జరిగిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె మొగుడికైతే అసలే తెలియదు.

ఆమె మొగుడు అల్లాల్, మా బావగారు. ఆయన తమ్ముడు షాయిబ్ నా మొగుడు. కెతామా ఊరికి పైనున్న ఈ కొండల్లో అందరిలాగే మాదీ గంజాయి సేద్యమే. మా అత్తగారి రోజుల్లో నాటు మొక్క ఉండేది. నడుమెత్తుకు మించేది కాదు, ఆకు సన్నం, పువ్వు చిన్నది. చలి తగ్గగానే కొండవాలు మెట్ల చేలలో చల్లి వదిలేస్తే వాన చినుకులతోనే బతికేది. ఆ తరవాత ప్యాకెట్ విత్తనం వచ్చింది. మనిషెత్తు మొక్క, పిడికిలంత పువ్వు. జనం ఎగబడ్డారు. అది ఎన్ని నీళ్లు తాగుతుందో మాత్రం ప్యాకెట్ మీద ఎవరూ రాయలేదు. దాన్ని సముద్రం అవతలి నుంచి తెప్పించి ఏటా లోయంతటికీ అమ్మేది ఎవరనుకున్నారు, నా మొగుడే.

ముందు మా ఇంటి వెనక ఊట సన్నబడింది. తరవాత బొట్లు బొట్లుగా కారింది. ఒక వేసవిలో వెళ్లి చూస్తే రాళ్ల మీద పాచి ఎండి పెళ్లలుగా లేచిపోతోంది. ఉన్నవాళ్లు బోర్లు వేసుకున్నారు, పైపులు లాక్కున్నారు. మాకు పైపు లేదు, బోరు లేదు. ఒక గాడిద, మేమిద్దరం. రోడ్డు దిగువ బావి నుంచి నీళ్లు తెచ్చి మెట్టు మెట్టుకీ ఎక్కించి మొక్క మొక్కకీ పొయ్యాలి. మగవాళ్లేమో చెట్టు నీడన కూర్చుని ఈ ఏడు ఎండలు ఎక్కువని తేల్చేవాళ్లు. మా పై రెండిళ్ల వాళ్లు తలుపులకు తాళాలేసి తెతువాన్ పట్నం వెళ్లిపోయారు. అక్కడ ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎవరెవరి ఇళ్లలోనో అంట్లు తోముకుని బతుకుతున్నారని విన్నాం. మెన్నానాకు రాత్రీ పగలూ అదే దిగులు.

ఒక రోజు బావి దగ్గర బిందె నింపుతూ నింపుతూ ఆగింది.

“తామో, మా అమ్మ మూట ఇంకా ఉందే.”

“ఏం మూట అక్కా?”

“నాటు విత్తనం. పోయే ముందు నా చేతిలో పెట్టింది. పిండి కుండ అడుగున దాచా. ఈ లోయలో ఇంకెవరి దగ్గరా ఒక్క గింజ కూడా లేదు.”

“అన్నేళ్ల విత్తనం లేస్తుందా?”

“కొన్నైనా లేవవా. ఈ ఏడు వెయ్యకపోతే అవీ చస్తాయి. ఒక్కసారి గింజ చేతికొస్తే చాలు, మెట్లన్నీ దానితోనే చల్లుకోవచ్చు. వాన చాలు దానికి. నేను ఎక్కడికీ పోనక్కర్లేదు.”

“వెయ్యడానికేం, వేస్తావు. గింజ కట్టాలంటే పోతు మొక్క నిలబడాలిగా. పోతు నిలబడితే మీ ఆయనే ముందు పీకి పారేస్తాడు.”

ఇది ఎకసెక్కానికి అన్న మాట కాదు. గంజాయిలో ఆడ మొక్క వేరు, పోతు మొక్క వేరు. పోతు విచ్చుకుని దాని పుప్పొడి గాలికి లేచిందంటే చుట్టూ ఉన్న ఆడ పువ్వులన్నీ గింజ పడతాయి. గింజ పడిన పువ్వును ఎవడూ కొనడు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చేను ఎవరిదైనా సరే, దారిన పోయేవాడి కంట పోతు పడితే దిగి పీకి గట్టు మీద పెట్టి పోవాలి. చేనుగలవాడు అది చూసి, ఎవరో పుణ్యాత్ముడు మేలు చేసి పోయాడని అనుకుంటాడు. పోతును కావాలని నిలబెట్టినవాడి ఇంట్లో చావైనా ఊరు కదలదు. విత్తనం ఏటా ప్యాకెట్లో వస్తుంటే పోతుతో ఎవరికీ పని కూడా లేకుండా పోయింది.

ఆ పోతులు పట్టడంలో మా బావగారిని మించినవాడు లేడు. మొగ్గ ఆవగింజంత ఉన్నప్పుడే వేలితో ఆకు పక్కకి తప్పించి ఆడో మగో చెప్పేస్తాడు. పై ఊళ్ల నుంచి కూడా వచ్చి పిలుచుకుపోతారు. తేనె, రొట్టె పెట్టి టీ పోస్తే మీసం దువ్వుకుంటూ చేనంతా తిరిగొస్తాడు. ఆయన వస్తుంటే ఆడవాళ్లు “అల్లాల్ వస్తున్నాడు, మగాళ్లంతా దాక్కోండర్రా” అని ఏడిపించేవాళ్లు. ఆయన వినీ విననట్టు నవ్వుకునేవాడు. బయట అంత పేరున్న మనిషి ఇంట్లో మాత్రం ఉలకడు, పలకడు. కొట్టడు, తిట్టడు. పెళ్లాం వైపు చూసి నీకు ఒంట్లో ఎలా ఉందని అడిగిన పాపాన కూడా పోలేదు. ఇద్దరు కూతుళ్లూ పెళ్లిళ్లై వెళ్లాక ఆ ఇంట్లో రోజుకి నాలుగు మాటలు వినిపిస్తే గొప్ప.

ఆ చలికాలంలోనే మెన్నానా తమ్ముడు హమ్మాదీ స్పెయిన్ నుంచి తిరిగొచ్చాడు. వచ్చాడంటే రాలేదు, పంపించేశారు. అక్కడ ఎవరివో అపార్ట్‌మెంట్లలో గుడారాలేసి దీపాల కింద గంజాయి పెంచే పనిలో ఉండి దొరికిపోయాడు. పాత ఫ్రిజ్‌లు, పరుపులు కుక్కిన వ్యానులో ఒక గుడారం, ఒక దీపం, చిన్న ఫ్యాను కూడా పడేసుకొచ్చాడు. అమ్ముదామంటే ఈ కొండల్లో ఎండకు కొదవా, కొనేవాడు లేడు. మెన్నానా అడిగితే వదిలించుకున్నట్టు ఇచ్చేసి, ధాన్యం గదిలో నిలబెట్టి కూడా పెట్టాడు. బయట నల్లటి గుడ్డ, లోపల తళతళలాడే పూత, ముందువైపు పొడుగాటి జిప్పు. ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడికి చోటు లేదు.

ఆమె అడిగింది ఒక్కటే. “లోపల పోతు విచ్చితే పుప్పొడి బయటికి పోతుందా?”

“జిప్పు వేసి, ఫ్యాను మూతికి గుడ్డ కడితే ఎక్కడికీ పోదు. అయినా పోతును ఎవరుంచుతారక్కా?”

“ఊరికే అడిగాలే.”

సాయంత్రం బావగారు వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. “ఏమిటే ఇది, ఇంట్లో మళ్లీ ఇల్లు?”

“పువ్వులకి. స్పెయిన్‌లో ఇట్లాగే పండిస్తారట. టాంజియర్‌లో ముసలాళ్లు నాటు గంజాయి పొడి, కిఫ్ కోసం మొహం వాచిపోయి ఉన్నారు, గొట్టంలో వేసుకోవడానికి. మా అమ్మ విత్తనం కాస్త ఉంది, వేసి చూస్తా.”

“ఎండకి కూడా కరెంటు బిల్లు కట్టే రోజులొచ్చాయన్నమాట,” అని ఆయన టోపీ మేకుకు తగిలించి భోజనానికి కూర్చున్నాడు.

పువ్వుల కోసమని మెన్నానా ఎందుకు అబద్ధం చెప్పిందో నాకు తెలుసు. బావగారి కడుపులో మాట నిలవదు. తమ్ముడితో టీ తాగుతూ పొద్దుట ఇంట్లో ఏం వండారో కూడా చెప్పేస్తాడు. విత్తనం కోసమని తెలిస్తే నా మొగుడు ఊరుకుంటాడా. నాటు విత్తనం లోయంతా పాకితే ప్యాకెట్లు కొనేదెవరు? పోతును నిలబెడుతున్నారని మసీదు దగ్గర నలుగురిలో ఒక్క మాట వదిలితే చాలు, ఊరు ఊరంతా మా గుమ్మంలో ఉంటుంది. నాకు తెలుసు, అయినా నేను నోరు విప్పలేదు. అది నా మొగుడి వ్యాపారానికి ఎసరు పెట్టే పనే. ఊట ఎండిన దగ్గర నుంచీ ఆ మనిషి ఒక్క చెంబు నీళ్లైనా మోసి ఉంటే నేనూ ఆలోచించేదాన్ని.

చిన్నప్పటి నుంచి గంజాయి చేలలో పెరిగిన మెన్నానా ఆ గుడారంలోకి వెళ్లేసరికి ఏమీ తెలియని పసిదైపోయింది. విత్తనాలన్నీ తడిగుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుంది, ఒంటి వేడికి మొలకెత్తుతాయని. సగమైనా దాచుకోమన్నాను. “పాతబడ్డవి తామో. దాచినవి దాచినట్టే చస్తాయి,” అంది. గుప్పెడు గింజల్లో లేచినవి పట్టుమని పాతిక లేవు. వాటిని కుండీల్లో పెట్టి, చేలో అలవాటు కొద్దీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోసింది. లోపల ఎండా గాలీ ఎక్కడివి? మొదళ్లు మెత్తబడి ఒక్కొక్కటే వాలిపోయాయి. ఫోన్ చేస్తే హమ్మాదీ చీవాట్లు పెట్టాడు. ఆమెకు చెవులు సరిగా వినిపించవని ఫోన్ గట్టిగా పెట్టుకుంటుంది, ఇల్లంతా వినిపించింది.

“మొక్కల్ని ముంచి చంపుతున్నావక్కా. మట్టిలో వేలు పెట్టి చూడు. లోపల దాకా పొడిగా ఉంటేనే పొయ్యి.”

తరవాత దీపం. వెచ్చగా ఉంటుందని నెత్తి మీదకి దించింది, ఆకుల కొసలు మాడిపోయాయి. పైకి కడితే కాడలు సాగి పడిపోయాయి, పుల్లలు ఊతం కట్టింది. పువ్వుకి రావాలంటే సగం రోజు చీకటి ఉండాలట, కిటికీ సందులోంచి వెలుతురు పడుతుంటే తన పెళ్లి దుప్పటి తీసి కుక్కింది. కరెంటు పోయిందంటే వంట వదిలేసి ధాన్యం గదికి పరిగెత్తేది. ఈ కొండ మీద పుట్టిన మొక్కను ఈ కొండ మీదే దొంగసరుకులా గదిలో పెట్టి పెంచుకోవాల్సిన ఖర్మ మాకు పట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి ఎనిమిది మిగిలాయి. ఒక రోజు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

“వాసన చూడు.”

వంగి చూశాను. ప్యాకెట్ మొక్కకి నిమ్మకాయ, కిరసనాయిలు కలిపిన ఘాటు ఉంటుంది. ఇది అది కాదు. ఎండిన గడ్డి, మిరియం, మా అత్తగారి చేతుల వాసన. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

“అయిదు ఆడవి, మూడు పోతులు,” అంది మెన్నానా. “మూడు, తామో. నేను ఒక్కటి వచ్చినా చాలనుకున్నా.” పోతు మొగ్గలు చిన్న చిన్న గుత్తులుగా వేలాడుతున్నాయి, ఇంకా విచ్చలేదు. పోతును చూసి సంబరపడిన మనిషి ఈ లోయలో మళ్లీ పుట్టదు.

సరిగ్గా అప్పుడే అవతలి లోయ నుంచి ఆమె అక్క కూతురి పెళ్లి కబురు వచ్చింది. వెళ్లకుండా కుదరదు. పెళ్లికూతురికి గోరింట పెట్టాల్సింది పిన్నే. వెళ్లకపోతే ఆ అక్క చచ్చేదాకా సాధిస్తుంది. చక్కెర దిమ్మలు పట్టుకుని ఇంటి కోడళ్లిద్దరూ వెళ్లాలి కాబట్టి నన్నూ ఉండిపొమ్మనడానికి లేదు. మెన్నానా పోతు మొగ్గలు ఒకటికి పదిసార్లు చూసింది. ఇంకా వారం పడుతుంది, ఈలోపు వచ్చేస్తాం అని తేల్చుకుంది.

వెళ్లేముందు మొగుడితో అంది, “గుడారం కాస్త చూస్తుండు. కరెంటు పోతే మళ్లీ వచ్చాక దీపం వెలిగిందో లేదో చూడు, చాలు.”

ఆయన ఊఁ అన్నాడు.

పెళ్లిలో మెన్నానాను చూసి నేనే ఆశ్చర్యపోయాను. పాడింది, ఎగతాళి చేసింది, పెళ్లికొడుకు మేనత్తను ఆట పట్టించి ఏడిపించింది. నా చెవిలో మాత్రం వచ్చే ఏడు ఏ మెట్టు మీద ఎంత చల్లాలో లెక్కలు చెబుతూనే ఉంది. ఎండిపోయిన ఊట పక్క మెట్టు ముందు చల్లుతుందట, అది మా అత్తగారికి ఇష్టమైన చోటట.

మేం తిరిగొచ్చేసరికి అల్లాల్ గుమ్మంలోనే ఉన్నాడు. స్నానం చేసి, ఉతికిన జెల్లాబా అంగీ వేసుకుని, ఎవరో అతిథుల కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. మెన్నానా చేతిలో మూట తనే అందుకున్నాడు. ఆయన అలా అందుకోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

“వెళ్లి నీ గుడారం చూసుకో,” అన్నాడు.

ఆమె వెళ్లి జిప్పు తీసింది. వెనక నేను. ఆడ మొక్కలు అయిదూ నిటారుగా ఉన్నాయి. మూడు కుండీలు ఖాళీ. మట్టి కూడా చేత్తో శుభ్రంగా సదిరేసి ఉంది.

“కనిపెట్టలేదు కదూ నువ్వు? మూడు పోతులు నక్కి ఉన్నాయే వాటిలో. ఇంకాస్త ఆలస్యమైతే విచ్చేవి, నీ పువ్వంతా గింజ పట్టి నాశనమయ్యేది. ఒక్క మొగ్గ విచ్చకముందే పట్టేశా.”

మెన్నానా వెనక్కి తిరగలేదు. “ఎప్పుడు పీకావు?”

“మీరు వెళ్లిన మర్నాడే. నీళ్లు కూడా పోశాలే. వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే. మీ తమ్ముడు అట్లాగేగా చెప్పింది.”

అంటే ఆయన విన్నాడు. ఇన్నాళ్లూ టోపీ తగిలించి తన రొట్టె తను తిని వెళ్లిపోతున్నట్టే ఉండి, ప్రతి మాటా విన్నాడు.

“ఎక్కడ పడేశావు వాటిని?”

“గాడిదకి వేశా. ఏం?”

నేను నోరు తెరిచాను. గోరింట ఎర్రగా పండిన చేత్తో ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఏం లేదు,” అంది. “మంచి పని చేశావు.”

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూస్తుంటే నాకు ఆయన్ని చంపాలనిపించింది.

ఆయన మసీదుకు వెళ్లగానే మెన్నానా గాడిద కొట్టంలోకి దూరింది. గాటిలో చెయ్యి పెట్టి, పేడలో వెతికి, తొక్కుడు పడిన కొమ్మ ఒకటి పట్టుకొచ్చింది. దానికి ఎండిన మొగ్గలు కొన్ని వేలాడుతున్నాయి. టీ గ్లాసులో నీళ్లు పోసి అందులో నిలబెట్టి గుడారంలో దీపం కింద పెట్టింది. పోతు కొమ్మ నీళ్లలో ఉంచినా విచ్చుతుందని ఆమె నమ్మకం. తాజాగా కోసినదైతే విచ్చేదేమో. ఇది నల్లబడి, గ్లాసు అంచు మీదికి వంగిపోయి, కంపు కొట్టింది. అయినా పారబొయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. నేనే పారబోశాను.

“ఆయనకి చెప్పెయ్యి అక్కా,” అన్నాను. “కడుపులో పెట్టుకుని కుమిలి చస్తావా?”

“ఏమని చెప్పను? ఇన్నాళ్లూ నీతో అబద్ధమాడానని చెప్పనా? నువ్వు చేసిన మంచి పనే నా కొంప ముంచిందని చెప్పనా? కాపురానికి వచ్చింది మొదలు అతను నా కోసమని చేసింది ఏదైనా ఉందా తామో? ఇదొక్కటే ఉంది.”

మొగుడూ పెళ్లాలు సరిగా నాలుగు మాటలు మాట్లాడుకునే ఇల్లయితే ఇదంతా జరిగేదే కాదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజంతా గాడిదను తిట్టాను.

పోతు లేకపోయేసరికి ఆడ మొక్కలు విరగబూశాయి. నాటు మొక్కకి అంత పువ్వు మా లోయలో ఎవరూ చూడలేదు. నా మొగుడు షాయిబ్ వచ్చి తల లోపల పెట్టి వాసన చూసి, “వదినా, నువ్వు మామూలు దానివి కాదు,” అన్నాడు. ఎండబెట్టిన పువ్వును తనే పట్టుకెళ్లి టాంజియర్‌లో మంచి బేరానికి అమ్మిపెట్టాడు. గుడారంలో పోతును కూడా వదలని మొనగాడని మా బావగారి పేరు ఇంకో నాలుగు ఊళ్లు పాకింది. కెతామా సంతకు వెళ్లిన ఆయన పెళ్లానికి నడుముకు చుట్టుకునే చారల గుడ్డ తెచ్చాడు. ఎర్రటి చారలు. ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూడలేదు గానీ, పక్కనే కాసేపు కూర్చున్నాడు.

పువ్వు అమ్మకానికి వెళ్లేముందు మెన్నానా ప్రతి రెబ్బా పళ్లెంలో విప్పి చూసింది. ఎక్కడో ఒక మొగ్గ విచ్చి ఉంటుంది, ఒక్క ఆడ పువ్వైనా గింజ పట్టి ఉంటుందని. నేనూ కూర్చుని వెతికాను. వేళ్లకు జిగురంటి నల్లబడ్డాయి. ఒక్క గింజ లేదు. మా బావగారు పని చేస్తే అంత శుభ్రంగా చేస్తాడు.

మళ్లీ విత్తనాలు చల్లే రోజులొచ్చాయి. వానలు పడలేదు. మేం పిండి పిసుకుతున్నాం. అల్లాల్ లోపలికి వచ్చి, టోపీ తగిలించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“ఈ ఏడు గుడారంలో నేనూ సాయం పడతా. నీళ్లు, దీపం నేను చూసుకుంటా. మీ అమ్మ విత్తనం తియ్యి.”

“లేదు. అంతా వేసేశా.”

“అంతానా? గుప్పెడైనా దాచుకోలేదా?” ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. “రైతు బిడ్డవి. లోయ మొత్తానికి నీ ఒక్కదాని దగ్గరే ఉన్న విత్తనం, మిగలకుండా చేసుకుంటారటే ఎవరైనా?”

మెన్నానా పిసకడం ఆపలేదు. కొత్త చారల గుడ్డకు పిండి అంటకుండా మోచేత్తో పక్కకి నెట్టుకుంది.

“మీ తమ్ముడి దగ్గర ప్యాకెట్లు ఉన్నాయిగా, తెచ్చి చల్లు.”

“వాటికి నీళ్లెక్కడివే, ఈ ఎండల్లో?”

“మొయ్యడానికి నేనున్నాగా,” అంది.